మట్టితో కొన్న వంద రోమన్ నాణేలు: అక్టోబరు నుంచి జూన్ దాకా నా అనుభవం

2024 అక్టోబరు మొదటి వారంలో ఒక ఆన్‌లైన్ వ్యాపారి దగ్గర వంద రోమన్ కంచు నాణేలు లాటుగా కొన్నాను. మట్టి వదలనివి, ఎవరి బొమ్మో తేల్చనివి. "4వ శతాబ్దానివి, ఇంగ్లండు పొలాల్లో దొరికినవి" అని వివరణ. ధర 190 పౌండ్లు, పోస్టుకు ఇంకో 6. బాల్కన్ దేశాల (బల్గేరియా, సెర్బియా వైపు) నుంచి వచ్చే ఇలాంటి లాట్లు దాదాపు సగం ధరకే దొరుకుతాయి. "ఇంగ్లండు పొలాల్లో" అన్న ఆ మాట చూసే నేను అంత పెట్టాను. మేం ఉండేది లీడ్స్‌లో. రైలెక్కితే అరగంటలో యార్క్. క్రీ.శ. 306లో తండ్రి పోగానే రోమన్ సైన్యం కాన్‌స్టాంటైన్‌ను చక్రవర్తిగా ప్రకటించింది ఆ ఊళ్లోనే. అక్కడి పెద్ద చర్చి పక్కన ఆయన కంచు విగ్రహం ఇప్పటికీ దర్జాగా కూర్చుని ఉంటుంది. ఆ రోజుల్లో ఈ చుట్టుపక్కల చేతులు మారిన చిల్లర కాస్త నా దగ్గర ఉండాలని ఎన్నాళ్లుగానో ఆశ.

బంగారమో వెండో కాకుండా కంచే ఎందుకని మిత్రులు అడుగుతుంటారు. బంగారు నాణెం పన్నుల లెక్కల్లోనూ పెద్ద అధికారుల జీతాల్లోనూ తిరిగేది. మామూలు మనిషి సంతకు పట్టుకెళ్లింది ఈ కంచు బిళ్లలనే. నాకు ఆ మనిషి మీదే ఆసక్తి.

పార్సిల్ వారం తిరక్కుండానే వచ్చింది. జిప్ కవర్లో పావుకిలో పైచిలుకు బరువు. విప్పగానే తొలకరికి తడిసిన మట్టి వాసన. ఒక్కొక్కటీ చిటికెన వేలి గోరంత నుంచి మన రూపాయి బిళ్ల కంటే కాస్త చిన్న సైజు దాకా. చాలావాటికి బొమ్మా బొరుసూ తేడా తెలియనంత మందంగా మట్టి, చిలుము కలిసి గట్టిపడిపోయాయి. ఐదారింటి మీద మాత్రం తల ఆకారం, దాని చుట్టూ ముత్యాల సరం లాంటి కిరీటం లీలగా కనబడ్డాయి. ఆ రాత్రి వాటిని పళ్లెంలో పోసుకుని చాలాసేపు చూస్తూ కూర్చున్నాను.

మొదటి పని నానబెట్టడం. దీనికి డిస్టిల్డ్ వాటర్ మాత్రమే వాడాలి. కుళాయి నీళ్లలో క్లోరిన్ ఉంటుంది, పాత కంచుకు క్లోరైడే మొదటి శత్రువు. ఐదు లీటర్ల డబ్బా కార్ల విడిభాగాల దుకాణంలో 5 పౌండ్ల లోపే దొరికింది. మూతలున్న ప్లాస్టిక్ డబ్బాల్లో పాతికేసి నాణేలు, మునిగేదాకా నీళ్లు, మూడు నాలుగు రోజులకోసారి మార్చడం. మొదటి రెండు వారాలూ నీళ్లు టీ డికాక్షన్ రంగుకి తిరిగేవి. తర్వాత మెల్లగా తేటపడ్డాయి. నీళ్లు మార్చినప్పుడల్లా మెత్తటి టూత్‌బ్రష్‌తో రుద్దితే పైమట్టి కొంత కొంత వదులుతుంది. ఏ రోజుకారోజు చూస్తే ఏమీ జరగనట్టే ఉంటుంది. ఇది డిసెంబరు చివరి దాకా సాగింది. వంటింటి గట్టు మీద ఈ డబ్బాలు వద్దని మా ఆవిడ మొదట్లోనే చెప్పేసింది, అది న్యాయమే. మెట్ల కింద బీరువాకి మార్చాను.

దీపావళికి వీడియో కాల్‌లో అమ్మకి చూపించాను. "చింతపండు వేసి తోమరా నాన్నా, క్షణంలో తళతళలాడతాయి" అంది. మన ఇళ్లలో ఇత్తడి చెంబులకీ దేవుడి సామానుకీ అదే మందు. పాత నాణేనికి మాత్రం అదే విషం. పదహారు వందల ఏళ్లలో పైన ఏర్పడిన ఆకుపచ్చ, గోధుమ, నలుపు పొరని పాటినా అంటారు. అక్షరాలూ ముఖంలోని గీతలూ చాలాసార్లు ఆ పొరలోనే ఉంటాయి, కింద లోహంలో ఉండవు. చింతపండు, నిమ్మకాయ, వెనిగర్ ఏదైనా సరే ఆమ్లం తగిలితే పొర కరిగి, ముఖం లేని ఎర్రటి బిళ్ల చేతికొస్తుంది. కరెంటు పెట్టి శుభ్రం చేసే పద్ధతీ అంతే. ఆలివ్ నూనెలో నెలల తరబడి ఉంచమని కొందరంటారు. నూనెలోనూ ఆమ్లం ఉంటుంది కాబట్టి నేను దాని జోలికి పోలేదు. అమ్మకి ఇదంతా చెబితే, "అయితే మురికిగానే ఉంచుకుంటావా?" అని ఆశ్చర్యపోయింది.

జనవరి వచ్చేసరికి ఇంకో బెడద. ఇక్కడి చలికాలపు ఇళ్ల సంగతి ఇక్కడున్నవాళ్లకి తెలుసు. హీటర్ వేస్తే కిటికీలకి నీళ్లు కారుతాయి, మూలల్లో తేమ. ఆరబెట్టి పెట్టిన వాటిలో నాలుగైదు నాణేల మీద లేత ఆకుపచ్చ పొడి పొంగింది. గోటితో తాకితే రాలిపోతుంది, దాని కింద చిన్న గుంట. మామూలు చిలుము గట్టిగా, ముదురు రంగులో ఉంటుంది, దాంతో భయం లేదు. ఈ లేత పొడిని సేకరించేవాళ్లు బ్రాంజ్ డిసీజ్ అంటారు. లోపల చిక్కుకున్న క్లోరైడు, తేమ, గాలి కలిసి లోహాన్ని లోపలి నుంచి తినేస్తాయి. వదిలేస్తే నాణెం పొడైపోతుంది.

వాటిని విడదీసి, ఆ పొడిని సూదితో గీకేసి, చాకలి సోడా, వంట సోడా సమపాళ్లలో కలిపిన డిస్టిల్డ్ నీళ్లలో వేశాను. వారానికోసారి ద్రావణం మార్చాలి. ఫిబ్రవరి నెలంతా దీనికే పోయింది. తర్వాత మంచి నీళ్లలో మళ్లీ కొన్నాళ్లు నానబెట్టి, ఓవెన్‌లో తక్కువ వేడి మీద ఆరబెట్టి, మైనం పూశాను. ఆ మైనం పేరు రినైసాన్స్ వ్యాక్స్, బ్రిటిష్ మ్యూజియం వాళ్లు తయారుచేసుకున్నది. చిన్న డబ్బా 15 పౌండ్ల దాకా అయింది, జీవితాంతం వస్తుంది. ఒక నాణెం మాత్రం దక్కలేదు. అంచు విరిగి, చేతిలోనే రెండు ముక్కలైంది. ఎవరిదో కూడా తెలియకుండానే పోయినందుకు ఆ రోజంతా మనసు బాగోలేదు. అప్పటి నుంచీ ఆరిన నాణేలన్నీ సిలికా జెల్ పొట్లాలు వేసిన గాలి చొరని డబ్బాలోనే.

అసలు ఆనందం ఈలోపే మిగతా నాణేలతో మొదలైంది. పాత స్టీరియో మైక్రోస్కోప్ ఒకటి 80 పౌండ్లకి సెకండ్ హ్యాండ్‌లో దొరికింది. ఇంట్లో పిల్లలు పడుకున్నాక దాని కింద నాణెం పెట్టి, వెదురు పుల్ల చెక్కి, ఒక్కో అక్షరం పక్కనున్న మట్టిని తీయడం. పుల్లతో లొంగని చోట సూది. సూది వాడేటప్పుడు ఊపిరి బిగబట్టాల్సిందే, జారితే పొర మీద మెరిసే గీత పడుతుంది, అది ఇక పోదు. రాత్రికి ఒక నాణెం, అదీ ఒక పక్కే అవుతుంది. తొందరున్నవాళ్లకి ఇది నప్పదు.

అలా తేలిన మొదటి మంచి నాణెం గురించి చెప్పాలి. బొరుసు మీద ఒక సైనికుడు ఈటెతో పొడుస్తున్నాడు, కింద గుర్రం కూలుతోంది, దాని మీది మనిషి వెనక్కి తిరిగి చేయెత్తాడు. ఆ చేతి వేళ్లు విడివిడిగా ఉన్నాయి. పద్దెనిమిది మిల్లీమీటర్ల బిళ్ల మీద, ఎవరో పనివాడు అచ్చులో చెక్కిన వేళ్లు! చుట్టూ "ఫెల్ టెంప్ రెపరాటియో" అని ఉంటుంది, మంచి రోజులు తిరిగొచ్చాయని అర్థం. 348లో కాన్‌స్టాంటియస్, కాన్‌స్టాన్స్ అనే చక్రవర్తులు, అన్నదమ్ములు మొదలుపెట్టిన వరస ఇది. రోము పుట్టి పదకొండు వందల ఏళ్లయిన సందర్భం అప్పుడే. మంచి రోజులని రాసి, కింద చావు బొమ్మ వేశారు. ఆ పడిపోతున్న మనిషి ముఖం నన్ను చాలా రోజులు వదల్లేదు.

ఇక్కడే అసలు కథ మలుపు తిరిగింది. ఈ నాణేల బొరుసు అడుగున ఒక గీత ఉంటుంది, దాని కింద రెండు మూడు అక్షరాలు. అది టంకశాల గుర్తు. టి, ఆర్ ఉంటే జర్మనీలోని ట్రయర్. ఎస్, ఐ, ఎస్ ఉంటే సిస్కియా, అంటే ఇప్పటి క్రొయేషియాలోని సిసాక్. పి, ఎల్, ఎన్ ఉంటే లండన్. ఆ టంకశాల 325లో మూతపడింది. వీటి పక్కన ఇంకో అక్షరం ఆ టంకశాలలోని ఏ కార్ఖానాలో కొట్టారో చెబుతుంది. పడమటి టంకశాలలు లాటిన్ అక్షరాలు వాడితే, తూర్పున గ్రీకు అంకెలు, ఆల్ఫా, బీటా, గామా, డెల్టా. అమెరికన్ న్యూమిస్మాటిక్ సొసైటీ వాళ్ల ఉచిత ఆన్‌లైన్ జాబితాలో టంకశాల, చక్రవర్తి, బొరుసు బొమ్మ పెట్టి వెతికితే చాలావరకు తేలిపోతుంది.

ఈటె నాణెం కింద ఎస్, ఎం, ఎన్ అని ఉంది. నికొమీడియా. ఇప్పటి టర్కీ. సరే, ఒకటి ఎక్కడి నుంచో తిరిగి వచ్చి ఉంటుంది అనుకున్నాను. తర్వాతది హెరాక్లియా, అదీ ఇప్పటి టర్కీయే. ఆ తర్వాత గ్రీసులోని థెస్సలొనీకా. ఫిబ్రవరి చివర్లో ఒక నాణెం మీద నిలబడ్డ జూపిటర్ తేలాడు. ఒక చేతిలో విజయలక్ష్మి బొమ్మ, కాళ్ల దగ్గర ఒక పక్క గద్ద, మరో పక్క కూర్చున్న బందీ. కుడివైపు ఖాళీలో రోమన్ అంకె పది, దాని కింద రెండు నిలువు గీతలూ గ్రీకు గామా. అది పన్నెండున్నర అన్న విలువ గుర్తని పండితులు అంటారు. బొమ్మ వైపు లిసినియస్. చదివేకొద్దీ నా అనుమానం ముదిరింది. ఈ గుర్తున్న నాణేలు 321 నుంచి 324 మధ్య లిసినియస్ ఏలిన తూర్పు టంకశాలల్లో కొట్టినవి. 324లో కాన్‌స్టాంటైన్ ఆయన్ని ఓడించాక ఆ వరస ఆగిపోయింది. బ్రిటన్ నేలలో ఇవి బాగా అరుదు. నా లాటులో అవి ఐదు.

అప్పుడు కాగితం తీసుకుని లెక్క వేశాను. టంకశాల చదవగలిగినవి నలభైకి పైగా. హెరాక్లియా, థెస్సలొనీకా, సైజికస్ (ఇదీ టర్కీయే), నికొమీడియా, సిస్కియా, కాన్‌స్టాంటినోపుల్ కలిపితే దాదాపు అన్నీ అయిపోయాయి. ట్రయర్‌వి రెండే. ఫ్రాన్సులోని లియోన్, ఆర్ల్ టంకశాలలవి ఒక్కటీ లేవు. నిజంగా ఇంగ్లండు పొలాల్లో ఏరినవైతే ఈ లెక్క తలకిందులవ్వాలి. 330ల తర్వాత ఇక్కడికి చిల్లర ముఖ్యంగా ట్రయర్ నుంచి, తర్వాత లియోన్, ఆర్ల్ నుంచి వచ్చేది. ఇంకో సంగతి. అధికారిక చిల్లర సరఫరా ఆగినప్పుడు బ్రిటన్‌లో జనం సొంతంగా కొట్టుకున్న నకళ్లు కుప్పలుగా దొరుకుతాయి, కొన్ని కందిగింజ కంటే కాస్త పెద్దవి, అక్షరాలు వంకరటింకర. నా వందలో అలాంటిది ఒక్కటీ లేదు. ఉన్న వాటికంటే ఈ లేనిదే నాకు గట్టి సాక్ష్యం అనిపించింది.

మార్చిలో యార్క్‌లో ఒక మ్యూజియం వాళ్లు, దొరికిన వస్తువులు తెచ్చుకుంటే చూసి చెప్పే రోజు పెట్టారు. ఇంగ్లండు, వేల్స్‌లో పొలాల్లో దొరికే పాత వస్తువుల్ని నమోదు చేసే పోర్టబుల్ ఆంటిక్విటీస్ స్కీమ్ 1997 నుంచి నడుస్తోంది. జిల్లాల్లో దానికి అధికారులున్నారు. గంటన్నర వరసలో నిలబడ్డాను. నా ముందు ఒక పెద్దాయన తన తోటలో దొరికిన కట్టుపిన్ను పట్టుకుని, పిల్లాడిలా ఉత్సాహపడుతున్నాడు. నా వంతు వచ్చాక ఆ అధికారిణి పది నాణేలు భూతద్దం కింద తిప్పి చూసి, లిసినియస్‌లు పక్కకి తీసి, "ఇవి ఇక్కడివి అయ్యే అవకాశం చాలా తక్కువ, డాన్యూబ్ నది వైపువి, అంటే బాల్కన్‌వి" అంది. ఎక్కడ దొరికాయో తెలియనివి కాబట్టి నమోదు చేయలేనని కూడా చెప్పింది. ఆ మాట కష్టంగానే ఉంది. కానీ అంత ఓపికగా నాకు ఒక్కో గుర్తూ చూపించి వివరించిందామె, డబ్బు ఒక్క పెన్నీ తీసుకోలేదు.

రైల్లో తిరిగొస్తుంటే పోయిన డబ్బు కంటే వేరే సంగతి బాధపెట్టింది. బల్గేరియా, సెర్బియా వైపు రాత్రిళ్లు మెటల్ డిటెక్టర్లతో పురాతన స్థలాల్ని గుల్ల చేసి, మంచి వస్తువులు పెద్ద కొనుగోలుదార్లకీ, మిగిలిన చిల్లర కిలోల లెక్కన మాలాంటివాళ్లకీ అమ్ముతారు. నా డబ్బాలోవి అలా వచ్చినవేనని రుజువేమీ లేదు, కాదని చెప్పే కాగితమూ లేదు. ఏ ఇంటి గోడ పక్కన, ఏ పొరలో, దేనితో కలిసి ఉందో ఆ వివరమే నాణేనికి సగం ప్రాణం. 2013లో ఇంగ్లండులో, డెవన్‌లోని సీటన్ డౌన్ దగ్గర ఒకాయనకి 22,888 నాణేల నిధి దొరికింది, దాదాపు అన్నీ నా దగ్గరున్న లాంటి 4వ శతాబ్దపు కంచే. పెరికి సంచిలో వేసుకోకుండా అధికారులకు కబురుపెట్టి, తవ్వకం అయ్యేదాకా కారులోనే పడుకుని కాపలా కాశాడాయన. అందుకే ఆ నిధి గురించి ఇవాళ అంత తెలుసు. మన దగ్గరా ఇంతే. నల్గొండ జిల్లా అక్కెనపల్లిలో దొరికిన రోమన్ వెండి దీనారాలు ఊరి పేరుతో సహా చరిత్రలో నిలిచాయి. కరూరు, మదురై వైపు దొరికే చివరి కాలపు రోమన్ కంచు చిల్లరకీ, దాన్ని చూసి అక్కడివాళ్లు కొట్టుకున్న నకళ్లకీ ఊళ్లు తెలుసు కాబట్టే వాటి నుంచి వర్తకం లెక్కలు తీయగలుగుతున్నారు.

ఏప్రిల్ మొదట్లో వ్యాపారికి ఉత్తరం రాశాను. కోపం పక్కన పెట్టి, టంకశాలల పట్టిక, ఫొటోలు జతచేసి, వస్తువు వివరణకు తగ్గట్టు లేదని మాత్రం రాశాను. ఇక్కడ 2015 వినియోగదారుల హక్కుల చట్టం ప్రకారం అమ్మిన సరుకు చెప్పిన వర్ణనకు సరిపోవాలి. ఆరు నెలల్లోపు అడిగితే మన పక్షం బలంగా ఉంటుంది. మొదటి జవాబు రావడానికి రెండు వారాలు పట్టింది: "మాకు ఇచ్చినవాళ్లు ఇంగ్లండువే అన్నారు, పైగా మీరు కడిగేశారు కాబట్టి వెనక్కి తీసుకోం." కడగకుండా టంకశాల చదవడం ఎవరి తరం? అదే రాశాను. క్రెడిట్ కార్డు మీద కొన్నాననీ, ధర వంద పౌండ్లు దాటింది కాబట్టి సెక్షన్ 75 (కార్డుతో కొన్నదానికి బ్యాంకుకీ బాధ్యత ఉంటుందనే నిబంధన) కింద బ్యాంకుని అడుగుతాననీ చివర్లో చేర్చాను. మళ్లీ మౌనం. మే మూడో వారంలో 95 పౌండ్లు తిరిగి వేశారు, నాణేలు నన్నే ఉంచుకోమన్నారు. వివరణలో "ఇంగ్లండు" అన్న మాట మాత్రం ఆ తర్వాతి లాట్లకి తీసేశారు. డబ్బు కంటే దానికే ఎక్కువ సంతోషించాను.

ఖర్చు మొత్తం చెప్తాను, చాలామంది అడిగేది అదే. తిరిగొచ్చింది తీసేస్తే నాణేలకి వంద, మైక్రోస్కోప్ 80, మైనం 15, గ్రాములో వందో వంతు చూపించే తూకం 10, నీళ్లు, సోడాలు, డబ్బాలు, కవర్లు కలిపి ఇంకో 40. తిరిగి అమ్మితే గుర్తుపట్టినవి ఒక్కోటి రెండు మూడు పౌండ్లు పలకొచ్చు. ఐదారు మంచివైతే పది దాకా. లాభం కోసం ఎవరైనా దిగాలనుకుంటే దిగొద్దు. మా వందలో చక్రవర్తినీ టంకశాలనీ తేల్చగలిగినవి సగం లోపు, చక్రవర్తి మాత్రమే తెలిసినవి ఓ పాతిక. మిగతావి ముద్దలే, కొన్ని ఇప్పటికీ నీళ్లలో ఉన్నాయి.

కొనేముందు అమ్మేవాణ్ని రెండు అడగండి. ఎక్కడి నుంచి వచ్చాయో ఇన్‌వాయిస్ మీద రాసిస్తారా? ఇంగ్లండువైతే నమోదు నంబరు ఉందా? మాటలతో చెప్పి, రాయడానికి వెనకాడితే వదిలేయండి. ఇక్కడ ఒకేచోట పది లేక అంతకంటే ఎక్కువ కంచు నాణేలు దొరికితే అది 1996 చట్టం కింద నిధి లెక్క, తెలియజేసి తీరాలి. కాబట్టి వందల కొద్దీ ఒకే పొలానివి అని ఎవరైనా అంటే కాగితాలు ఉండి తీరాలి.

జూన్‌లో నేను ఒకే ఒక్క నాణెం కొన్నాను, 28 పౌండ్లకి. రోము నగరం పేరున 330ల్లో కొట్టిన రకం, బొరుసు మీద తోడేలు, దాని పొదుగు కింద కవల పిల్లలు, పైన రెండు నక్షత్రాలు. అడుగున టి, ఆర్, పి. ట్రయర్, మొదటి కార్ఖానా. లింకన్‌షైర్‌లో దొరికిన ఊరి పేరు, నమోదు నంబరు ఇన్‌వాయిస్ మీదే ఉన్నాయి, ఆ నంబరుతో వెతికితే ఫొటో కూడా వచ్చింది. పాత లాటులోవాటికి ఒక్కోదానికీ కార్డు రాశాను: చక్రవర్తి, టంకశాల, బరువు, వ్యాసం. దొరికిన చోటు అన్న గడిలో "తెలియదు, ఇంగ్లండు అని అమ్మారు, బహుశా బాల్కన్" అని రాసి, అధికారిణి చూసిన తేదీ వేశాను.